పద్ధతి చెప్పకముందే లెక్క ఇద్దాం
(ప్రాథమిక తరగతుల టీచర్ల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

రెండంకెల సంఖ్యను రెండంకెల సంఖ్యతో గుణించడం ఎలా నేర్పాలో మాట్లాడమన్నారు. ఇంతసేపు మాట్లాడటానికి అందులో ఏముందని వెనక వరుసలో ఎవరో ఒకరు అనుకుంటూనే ఉంటారు. నిజమే, పద్ధతి చెప్పడం రెండు నిమిషాల పని. కింద ఉన్న ఒకట్ల అంకెతో పైసంఖ్యను గుణించు. రెండో వరుసలో ఒక గడి వదిలి గుర్తు పెట్టు, పదుల అంకెతో గుణించు. రెండూ కూడు. అయిపోయింది. ఆ రోజు పిల్లలు కూడా బాగానే చేస్తారు. కొన్నాళ్లు పోయాక అలాంటి లెక్కే ఇవ్వండి. గడి వదలడం మర్చిపోయినవాళ్లు ఎంతమందో! "ఎన్నిసార్లు చెప్పాలిరా గుర్తు పెట్టమని" అని మనం గొంతు చించుకుంటాం.

అసలు ఆ గుర్తు ఎందుకు పెడుతున్నాడో వాడికి ఎప్పుడూ తెలియలేదు. పెట్టమన్నారు, పెట్టాడు. ఒకరోజు పెట్టలేదు.

ఇది ఏ ఒక్క చోటికో పరిమితమైన ఇబ్బంది కాదు. లిపింగ్ మా అనే పరిశోధకురాలు అమెరికా, చైనాల్లోని ప్రాథమిక టీచర్లతో మాట్లాడి, 1999లో ఒక పుస్తకం తెచ్చారు. ఆమె వాళ్ల ముందు పెట్టిన సందర్భాల్లో ఒకటి ఇదే. పిల్లలు 123ని 645తో గుణిస్తున్నారు. 615, 492, 738 వచ్చాయి. మూడింటినీ ఒకదాని కింద ఒకటి, జరపకుండా రాసి కూడేశారు. జవాబు 1,845. మీ క్లాసులో ఇలా జరిగితే మీరేం చేస్తారని అడిగారు. గడి వదిలే చోట గుర్తు పెట్టిస్తాం, గళ్ల కాగితం ఇస్తాం అన్నవాళ్లు కొందరు. ఆ 492 నిజానికి 4,920 అని, 738 నిజానికి 73,800 అని పిల్లలకు తెలిసేలా చేస్తాం అన్నవాళ్లు కొందరు. ఇద్దరికీ గుణకారం వచ్చు. కానీ గుర్తు పెట్టించే టీచర్ జవాబును బాగుచేస్తున్నారు, రెండో టీచర్ లెక్కను బాగుచేస్తున్నారు.

అన్నట్టు, అసలు జవాబు 79,335. నూరు దాటిన సంఖ్యను ఆరువందలు దాటిన సంఖ్యతో గుణిస్తే రెండు వేల లోపు ఎలా వస్తుంది? నూరు ఆరువందలే అరవై వేలు కదా! పిల్లలకు ఆ అనుమానం రాలేదు. ఎందుకంటే వాళ్ల కళ్ల ముందు సంఖ్యలు లేవు, విడివిడి అంకెలు ఉన్నాయి. ఆరు, నాలుగు, ఐదు. అంతే.

సరే, ఏం చేద్దాం? నేను చెప్పేది ఒకటే. పద్ధతి చెప్పకముందే లెక్క ఇద్దాం. పద్ధతి ఆ లెక్కలోంచి రావాలి. అయితే ఏ లెక్క పడితే ఆ లెక్క ఇస్తే రాదు. లెక్కలో ఏ సంఖ్యలు వేస్తామన్నదే ఇక్కడ టీచర్ చేసే అసలు పని. దాని మీదే ఎక్కువసేపు మాట్లాడతాను.

మామూలుగా మనం ఏం చేస్తాం? ముందు పద్ధతి, తర్వాత మాదిరి లెక్క, తర్వాత ఇరవై లెక్కల అభ్యాసం, చిట్టచివర నాలుగు పద సమస్యలు. ఆ చివరి నాలుగింటికి వచ్చేసరికి పిల్లలకు ఆలోచించే పనే ఉండదు. పాఠం గుణకారం కాబట్టి లెక్కలో కనిపించిన రెండు సంఖ్యలనూ గుణిస్తారు. లెక్క చదవకుండానే చేసేవాళ్లను మీరూ చూసి ఉంటారు. (నవ్వులు) దాన్ని సమస్యా సాధన అనలేం.

ఇప్పుడు తిరగేసి చూద్దాం. మీ క్లాసులో పిల్లలకు ఎక్కాలు ఓ మాదిరిగా వచ్చు. 23ని 4తో గుణించగలరు. పదితో, ఇరవైతో గుణించడం తెలుసు. రెండంకెలను రెండంకెలతో గుణించడం మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ రోజు పీరియడ్ మొత్తానికీ ఒకే లెక్క:

ఒక హాల్లో 12 వరుసల కుర్చీలు వేశారు. ఒక్కో వరుసలో 23 కుర్చీలు ఉన్నాయి. మొత్తం ఎన్ని?

"మీకు తెలిసినదాంతో ఎలాగైనా కనుక్కోండి. మీరేం చేశారో మీ కాగితం చూస్తే నాకు తెలియాలి." ఇంతకు మించి ఒక్క మాట కూడా వద్దు. ఆ, ఒకటి అడగొచ్చు. "200 కంటే ఎక్కువ ఉంటాయా, తక్కువ ఉంటాయా?" పది వరుసలకే 230 అయ్యాయి కాబట్టి ఎక్కువే అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాటను బోర్డు మూలన రాసి ఉంచండి. తర్వాత పనికొస్తుంది.

ఇంతకీ 23, 12 ఎందుకు? ఏదో ఒకటి వేయొచ్చు కదా? వేయలేం. 12, 12 వేశారనుకోండి, పన్నెండో ఎక్కం వచ్చినవాడు టక్కున 144 అనేసి చేతులు కట్టుకుంటాడు. 22, 22 వేస్తే నాలుగు చోట్లా రెండే కనిపిస్తుంది, ఏ రెండు గురించి మాట్లాడుతున్నారో మీకే తెలియదు. 25 వేస్తే నాలుగు ఇరవై ఐదులు వంద అనే అడ్డదారిలో పోతారు. అది మంచి దారే, కానీ ఆ రోజుకు అక్కర్లేదు. 48, 37 వేస్తే చేతిలో పెట్టుకునే అంకెల గొడవలో అసలు విషయం మునిగిపోతుంది. 23, 12 అయితే మిగులు రాదు. గళ్ల కాగితం మీద 12 వరుసలు, 23 గళ్లు గీయగలరు. ఒక్కొక్కటిగా కూడుకుంటూ పోదామంటే విసుగొచ్చేంత పెద్దవి. పైగా 12ని రెండు ఆరులుగా, మూడు నాలుగులుగా, పదీ రెండుగా ఎలా కావాలంటే అలా విడగొట్టొచ్చు. రకరకాల దారులు రావాలనే దాన్ని ఎంచుకున్నాం.

పిల్లలు చేస్తూ ఉంటారు. మీరు బెంచీల మధ్య తిరుగుతూ ఉంటారు. ఈ పది నిమిషాల్లో మనకు నోరు కట్టేసుకోవడమే కష్టం. "కాదమ్మా, ఇలా చెయ్యి" అని పెన్సిల్ లాక్కోవాలనిపిస్తుంది. లాక్కోకండి. చేతిలో చిన్న కాగితం ఉంచుకుని ఎవరు ఏ దారిలో చేశారో రాసుకోండి. అడగాల్సింది ఒక్కటే: "ఈ సంఖ్య ఏంటి? ఏ కుర్చీలు ఇవి?"

మీ కాగితం మీద సుమారుగా ఇవి కనిపిస్తాయి. ఒకడు 23ని పన్నెండుసార్లు కిందకి రాసి కూడుతున్నాడు, మధ్యలో లెక్క తప్పి మళ్లీ మొదటికొచ్చాడు. ఒకమ్మాయి రెండు వరుసలకు 46 అని రాసి, అలాంటివి ఆరు కాబట్టి 46ని 6తో గుణించి 276 అంది. ఇంకొకరు మూడు వరుసలకు 69, దానికి నాలుగు రెట్లు, 276. ఇంకొందరు పది వరుసలకు 230, మిగిలిన రెండు వరుసలకు 46, మొత్తం 276. ఒకరిద్దరు గళ్ల కాగితం మీద దీర్ఘచతురస్రం గీసి ముక్కలు చేశారు. వీటితో పాటు 206 అని రాసినవాళ్లు కూడా తప్పకుండా ఉంటారు.

ఈ దారులన్నీ పిల్ల చేష్టలని అనుకోకండి. భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలో గుణకారానికి ఇచ్చిన మొదటి లెక్క 135ని 12తో గుణించమని. జవాబు 1,620. దాన్ని ఆయన ఒక్క దారిలో చేసి వదల్లేదు. 12ని 8, 4గా విడగొట్టి చేయొచ్చన్నాడు. ముందు 3తో, వచ్చినదాన్ని 4తో గుణించవచ్చన్నాడు. పదితో గుణించి, రెండు రెట్లు కలపవచ్చన్నాడు. ఇరవైతో గుణించి, ఎనిమిది రెట్లు తీసేయవచ్చని కూడా అన్నాడు. మన నాలుగో తరగతి పిల్లలు చేసేవీ ఇవే.

ఇప్పుడు బోర్డు దగ్గరికి వద్దాం. ఎవరిని ముందు పిలవాలి? చెయ్యెత్తిన వాళ్లను కాదు. మీ చేతిలో కాగితం ఉంది కదా, ఆ వరుస మీరే నిర్ణయించండి. నేనైతే కూడికతో చేసినవాడిని ముందు పిలుస్తాను. అందరికీ అర్థమయ్యే దారి అది, వాడికీ బోర్డు దగ్గరకు వచ్చే అవకాశం దొరుకుతుంది. తర్వాత రెండు వరుసల అమ్మాయి. తర్వాత 230, 46. తర్వాత బొమ్మ గీసినవాళ్లు. బోర్డు మీద రాసినది ఏదీ తుడపొద్దు. జపాన్ టీచర్లు ఈ విషయంలో చాలా పట్టింపుగా ఉంటారు. పీరియడ్ మొదట్లో రాసిన లెక్క దగ్గర నుంచి చివరి మాట దాకా అన్నీ ఒకే బోర్డు మీద కనిపించేలా ముందే ప్లాన్ వేసుకుంటారు. పక్కపక్కన ఉంటేనే కదా పిల్లలు ఒకదాంతో ఒకటి పోల్చి చూసేది!

బొమ్మ ఇలా ఉంటుంది. 12 వరుసలు, వరుసకు 23 గళ్లు. పది వరుసల తర్వాత ఒక అడ్డగీత. ఇరవై గళ్ల తర్వాత ఒక నిలువుగీత. నాలుగు ముక్కలయ్యాయి. ఇరవై పదులు 200. మూడు పదులు 30. ఇరవై రెళ్లు 40. మూడు రెళ్లు 6.

ఇప్పుడు 206 సంగతి తీయండి. ఎవరిదో చెప్పొద్దు. "కొంతమందికి 206 వచ్చింది. వాళ్లు ఎలా ఆలోచించి ఉంటారు?" అని అడగండి. 

"ఇరవైని పదితో చేశారు టీచర్, మూడుని రెండుతో చేశారు."

"అయితే ఆ కుర్చీలు బొమ్మలో ఎక్కడున్నాయో రంగు వేసి చూపించమ్మా."

ఆ అమ్మాయి పెద్ద ముక్కకు రంగు వేస్తుంది. మూలనున్న చిన్న ముక్కకు వేస్తుంది. మిగతా రెండు ముక్కలు తెల్లగా ఉండిపోయాయి. "ఈ కుర్చీలను ఎవరూ లెక్కపెట్టలేదు టీచర్!" ఎన్ని? ముప్పై, నలభై. డెబ్బై. 206కి 70 కలిపితే 276. తప్పు చేసినవాడే లేచి ఈ మాట అంటే ఆ రోజు పాఠం మీ చేతిలో ఉన్నట్టే.

ఈ 206 దగ్గర ఇంకాస్త ఆగాలి. పిల్లలు దీన్ని అజాగ్రత్త వల్ల చేయరు. 23కి 12 కూడేటప్పుడు పదులను పదులతో, ఒకట్లను ఒకట్లతో కలిపారు. సరిపోయింది. మనమే మెచ్చుకున్నాం. అదే నియమాన్ని గుణకారానికి తెచ్చారు. కూడికలో పనిచేసినది ఇక్కడెందుకు పనిచేయలేదు? ఎందుకంటే ఇరవైకి పది వరుసలతోనే కాదు, మిగతా రెండు వరుసలతో కూడా పని ఉంది. దీన్నే పెద్ద తరగతుల్లో విభాగ న్యాయం అంటారు. ఆ పేరు ఇప్పుడు చెప్పక్కర్లేదు. రంగు వేయని ముక్కలు కనిపిస్తే చాలు.

బొమ్మలో అడ్డగీతను మాత్రం ఉంచి నిలువుగీతను చెరిపేయండి. రెండే ముక్కలు మిగిలాయి. పైన పది వరుసలు, 230. కింద రెండు వరుసలు, 46. ఇప్పుడు పక్కన మన పాత పద్ధతి రాయండి. 23, దాని కింద 12, గీత. మొదటి వరుసలో 46, రెండో వరుసలో 230, మొత్తం 276. "ఈ 46 బొమ్మలో ఎక్కడుంది? ఈ 230 ఎక్కడుంది?" అని అడగండి. రెండో వరుసలో గుర్తు బదులు సున్నాయే రాయించండి. అది ఊరికే వదిలిన గడి కాదు, పది వరుసల కుర్చీలు. ఇలా వచ్చిన పిల్లవాడికి "గుర్తు పెట్టడం మర్చిపోకు" అని చెప్పాల్సిన అవసరం చాలావరకు పోతుంది. 23 అని రాస్తే పది వరుసల్లో ఇరవై మూడే కుర్చీలా అని వాడికే వింతగా అనిపిస్తుంది.

అయితే ఒక్క రోజులో అందరూ అక్కడికి రారు. రెండు వరుసలకు 46 అని ఆరు రెట్లు చేసిన అమ్మాయి తన దారినే పట్టుకుని ఉంటుంది. ఆమె దారి తప్పు కాదు కదా, ఎందుకు వదలాలి? వదలమని మీరు చెప్పొద్దు. సంఖ్యతో చెప్పించండి. మర్నాడు ఒకే ఒక వరుస పెంచండి. 13 వరుసలు, వరుసకు 23.

ఆమె రెండు వరుసలు పట్టుకుంటుంది, 13 రెండుతో తెగదు. మూడుతో తెగదు. నాలుగుతో తెగదు. పోనీ 23ని విడగొడదామంటే అదీ తెగదు. అప్పుడు పక్కవాడి 230 వైపు చూస్తుంది. పదిగా విడగొట్టే దారి ఎప్పుడూ పనిచేస్తుంది, మిగతా దారులు సంఖ్య కలిసొస్తేనే పనిచేస్తాయి. ఈ తేడాను మనం నోటితో చెప్తే పాఠం, 13 చెప్తే అనుభవం. అన్నట్టు, ఆ రోజు ఇంకో తమాషా కూడా జరుగుతుంది. ఎవరో ఒకరు అసలు గుణించకుండానే "నిన్నటి 276కి ఇంకో 23 కలిపితే 299" అంటారు. అలా అన్నవాడికి గుణకారం అర్థమైనట్టే. 

ఆ తర్వాత మిగులు వచ్చే లెక్క. 38, 24 అనుకోండి. ఇక్కడ తొందరపడొద్దు. ఎనిమిది నాలుగులు ముప్పై రెండు, రెండు వేసి మూడు చేతిలో. రెండో వరుసకు వచ్చేసరికి ఎనిమిది రెళ్లు పదహారు, ఒకటి చేతిలో. పైన మూడు, ఒకటి రెండూ పక్కపక్కన ఉంటాయి, ఏది దేనిదో తెలియక కలిపేస్తారు. కాబట్టి కొన్నాళ్లు నాలుగు ముక్కలూ విడిగా రాయనివ్వండి. 32, 120, 160, 600. మొత్తం 912. రెండు వరుసలు ఎక్కువ పడతాయి, పడనివ్వండి. వాళ్లకే విసుగొచ్చి ఒకరోజు "టీచర్, ఇవి రెండూ ఇక్కడే కలిపేస్తే సరిపోతుంది కదా" అంటారు. ఆ రోజు మిగులు నేర్పండి.

తర్వాత మధ్యలో సున్నా ఉన్నవి. 306ని 24తో గుణించమంటే 864 తెచ్చేవాళ్లు ఉంటారు, సున్నాను మింగేసి 36తో చేస్తారు. మూడువందల ఇరవైలే ఆరువేలు. బోర్డు మూలన అంచనా రాసే అలవాటు ఉంటే 864 అక్కడే దొరికిపోతుంది. 306కి 20 రెట్లు 6,120, 4 రెట్లు 1,224, మొత్తం 7,344.

సున్నా అన్నాను కాబట్టి ఒక మాట. పదితో గుణించడమంటే "పక్కన సున్నా పెట్టడమే" అని చెప్పకండి. పెద్ద తరగతికి వెళ్లి 2.5ని పదితో గుణించమంటే 2.50 అని రాస్తారు. పదితో గుణిస్తే ప్రతి అంకె ఒక స్థానం ఎడమకు జరుగుతుంది. ఒకట్ల స్థానం ఖాళీ అయితే అక్కడ సున్నా వస్తుంది. కాస్త పొడుగు మాటే, కానీ తర్వాత వెనక్కి తీసుకోవాల్సిన పని ఉండదు.

అర్థమైందో లేదో తెలుసుకోవడానికి నేను వాడేది ఒకటుంది. "23 ఇంటూ 12కి మీరే ఒక లెక్క రాయండి" అంటాను. "నా దగ్గర 23 పెన్సిళ్లు ఉన్నాయి, తమ్ముడి దగ్గర 12 ఉన్నాయి, గుణిస్తే ఎన్ని?" అని రాసేవాళ్లు ఉంటారు. జవాబు మాత్రం 276, తప్పు లేకుండా చేస్తారు! (నవ్వులు) "ఒక్కో" అనే ఆలోచన వాళ్ల దాకా చేరలేదన్నమాట. అలాంటివాళ్లకు ఇంకో ఇరవై లెక్కలు ఇచ్చి లాభం లేదు. మళ్లీ కుర్చీల దగ్గరికే తీసుకెళ్లాలి.

మీరు రాసి పంపిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి, చూద్దాం.

"ఒక్క లెక్కకు ఒక పీరియడ్ అంటే సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది?" నాకు తెలుసు, ఈ టెన్షన్ అందరికీ ఉంటుంది. అన్ని పీరియడ్లూ ఇలా నడపమనడం లేదు. కొత్త ఆలోచన వచ్చే రోజుల్లో నడపండి. మధ్యలో అభ్యాసం ఎటూ ఉండాలి. మళ్లీ మళ్లీ మొదటి నుంచి చెప్పుకునే పీరియడ్లను కూడా ఈ లెక్కలో వేసి చూడండి.

"ఎక్కాలు రాని పిల్లల సంగతి?" ఎక్కాలు రావాలి, అందులో రాజీ లేదు. ఏడో ఎక్కం దగ్గర తడబడేవాడికి రెండంకెల గుణకారం బరువే. కానీ ఎక్కాలన్నీ వచ్చేదాకా వాడిని పక్కన కూర్చోబెట్టడం న్యాయం కాదు. 23, 12లో కావాల్సింది రెండో ఎక్కం, పదో ఎక్కం. అందుకు కూడా ఆ సంఖ్యలు ఎంచుకున్నాం. ఎక్కాల సాధన రోజూ ఓ ఐదు నిమిషాలు వేరేగా జరగనివ్వండి.

"గళ్లు గీసి, ఐమూలగా కూడే పద్ధతి నేర్పవచ్చా?" చూపించండి, పిల్లలకు సరదాగా ఉంటుంది. జవాబు కూడా సరిగ్గానే వస్తుంది. మొదటి పద్ధతిగా మాత్రం వద్దు. అందులో పదులూ వందలూ ఆ ఐమూల గీతల్లో దాక్కుంటాయి. ఎందుకు పనిచేస్తోందో పిల్లలే కనిపెట్టగలిగిన రోజున అది మంచి లెక్క అవుతుంది.

"పరీక్షలో పుస్తకం పద్ధతి రాయకపోతే మార్కులు పోతాయి కదా?" పోతాయి. అందుకే ఆ పద్ధతి మానేద్దామని నేను ఎక్కడా అనలేదు. తక్కువ చోటులో, తక్కువ రాతతో పని అయిపోయే పద్ధతి అది. 123ని 645తో గుణించాల్సి వస్తే నేనూ అలాగే చేస్తాను. పిల్లలందరూ చివరికి అక్కడికి రావాల్సిందే.

ఇది చివరిది. "మా క్లాసులో పదితో గుణించడమే సరిగ్గా రాదు. రేపు ఎక్కడ మొదలుపెట్టమంటారు?" మంచి ప్రశ్న. అదే కుర్చీలు, పది వరుసలే ఇవ్వండి. 230 ఎలా వచ్చిందో పదుల కట్టలతో, ఒకట్లతో చేయించండి. మూడు ఒకట్లు పదిసార్లు వస్తే మూడు పదుల కట్టలు, రెండు పదుల కట్టలు పదిసార్లు వస్తే రెండు వందలు. ఆ తర్వాత ఇరవై వరుసలు. కొందరు 230, 230 కలుపుతారు, కొందరు ముందు 46 చేసి పది రెట్లు అంటారు. రెండు దారుల్లోనూ 460 ఎందుకు వచ్చిందో వాళ్లు ఒకరికొకరు చెప్పుకోగలిగేదాకా అక్కడే ఉండండి. అప్పటిదాకా పన్నెండు వరుసల లెక్క జోలికి వెళ్లొద్దు.